మంచె యెక్కువారు హార్నెస్సు నెన్నుకొను విధము



ఈ సాయంకాలము మీ యెదుట మాటలాడుటకు నన్ను నిలువబెట్టినది నాకు వ్యవసాయమునందు గల పాండిత్యము కాదు. నేను మెట్రిక్యులేషను మాత్రము చదివి, రెవెన్యూశాఖలో భాషాంతరకారుడనై, అడంగళ్లును అర్జీలును ఒక భాషనుండి వేరొక భాషకు మార్చుచు సగము వయస్సు గడపినవాడను. అయినను ఒకనాడు మాచర్ల వైపు రైతొకరు నా బల్లమీద నాలుగు మడతలు పెట్టిన యొక యింగ్లీషు కాగితము నుంచి, “అయ్యా, దీనిలో నేమున్నదో చెప్పుడు” అని యడిగిరి. అది భూమికి సంబంధించిన కాగితము కాదు. మంచెమీద కావలి యుండు తన కుమారుని కొరకు ఆయన గుంటూరులో కొన్న సేఫ్టీ బెల్టు సంచిలోని సూచనల పత్రము. బెల్టు ఏమైనదని నేనడుగగా ఆయన నవ్వి, “గోడమేకునకు వ్రేలాడుచున్నది. తొడలు ఒరసికొనుచున్నవని రెండవనాడే మావాడు తీసివైచినాడు” అనిరి.

ఆ మాటయే యీ యుపన్యాసమునకు మూలము. కట్టుకొన్నవానికి సుఖముగా లేని బెల్టు ఎంత గట్టిదైనను మేకునకే రక్షణ గాని మనుష్యునకు కాదు. ఆ పత్రమును నేను తెనుగు చేసితిని. పిమ్మట ఆ కుమారుని పిలిపించి, బెల్టును తెప్పించి, పత్రములోని ప్రకారము కట్టించి చూచితిని. దోషము బెల్టులో సగము, కట్టిన విధమున సగము ఉండెను.

మన నల్లరేగడి భూములలో మంచెలు రెండు తెగలు. జొన్నకును ప్రొద్దుతిరుగుడునకును పగటిపూట పిట్టలను తోలు మంచె యొకటి. నల్లమల యంచున, మాచర్ల, దోర్నాల, యెఱ్ఱగొండపాలెము ప్రాంతములలో, మొక్కజొన్నను వేరుసెనగను అడవిపందులనుండి కాచుటకు రాత్రిపూట కూర్చుండు మంచె రెండవది. మొదటిదానిపై కావలివాడు నిలువబడి వడిసెల త్రిప్పును. రెండవదానిపై గొంగడి కప్పుకొని కూర్చుండి, నిద్రను ఆపుకొనును, ఆపుకొనలేకయు పోవును.

పూర్వము మంచె యనగా వేటయు జ్ఞప్తికి వచ్చెడిది. సంస్థానాధీశులు పులివేటకై చెట్లమీద మంచెలు కట్టించి రాత్రులు కూర్చుండిరి. ఆ కాలము గడచినది. 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట అటవీశాఖవారి వ్రాతపూర్వకమైన యనుమతి లేనిదే అడవిపందినైనను చంపరాదు. నాగార్జునసాగరము, శ్రీశైలము అడవులు 1983లో పులుల సంరక్షణ క్షేత్రమైనవి. ఇక చేనిచుట్టు కరెంటు తీగె పరచుట చట్టవిరుద్ధమే కాదు, తెల్లవారుజామున నీరు పెట్టవచ్చిన పొరుగు రైతునే చంపును. కావున కేకవేసి, డబ్బా మ్రోయించి, లైటు వేసి తరిమెడు కావలివాడే మనకు మిగిలిన న్యాయమైన యుపాయము. వాడు పడకుండ చూచుకొనుట ఆసామి బాధ్యత.

పడుట యెప్పుడు జరుగును? నిచ్చెన చివరి మెట్టునుండి మంచెమీదికి కాలు మార్చునప్పుడును, అటులే దిగునప్పుడును జరుగును. వడిసెల విసరునప్పుడు ఒడలంతయు ఒక ప్రక్కకు తిరిగి కాలు తప్పును. నిద్రలో దొర్లి పడుటయు కలదు. మా మేనమామ యీ కడపటి విధముననే పడెను. నాకప్పుడు పదునొకండేండ్లు. ఆయన నడుమునకు నూలు త్రాడు కట్టుకొని, రెండవ కొన గుంజకు బిగించియే పరుండెను. త్రాడు తెగలేదు. ఆయన మంచెక్రింద నడుమువద్ద మడతపడి, తల క్రిందుగా వ్రేలాడుచుండగా తెల్లవారి చూచిరి. ప్రాణము దక్కెను గాని ప్రక్కటెముకలు విరిగి, ఆ మీద ఆయన నాగలి పట్టలేదు. “త్రాడు కట్టుకొననిచో చచ్చియుండెడివాడు” అని మా వారందరు ననుచుండిరి. ఆ త్రాడే ఎముకలు విరిచినదని యెవరును అనలేదు.

నడుము త్రాడు ఏమి చేయునో లెక్కవేసి చూడుడు. డెబ్బది కిలోల మనుష్యుడు ఒక మీటరు పడి, సాగని త్రాడుచే పది సెంటిమీటర్లలో ఆగినచో, ఆ యాగుటలో వానిమీద పడు బలము సగటున వాని బరువునకు పదునొకండు రెట్లు. అనగా ఏడువందల డెబ్బది కిలోలు. మిర్చియార్డులో నలుబది కిలోల టిక్కీలు మీరెరుగుదురు. అట్టివి పందొమ్మిది ఒక్క క్షణమున కడుపుమీద పడినట్లు. అందువలననే అమెరికా దేశమున 1998 జనవరి 1వ తేదీ నుండి పనివారు పడుట నాపుటకు నడుము బెల్టును వాడరాదని నిబంధన చేసిరి. తొడలు, భుజములు, రొమ్ము కలిపి పట్టు పూర్తి హార్నెస్సునే వాడవలెను. బలము గట్టి యెముకలున్న తొడలకును పిరుదులకును పంచబడును, ఒడలు నిలువుగా నుండును.

“తాడి యెక్కువారు తాతలనాటినుండి మోకుతోనే యెక్కుచున్నారు కదా” అని మీలో నొకరు అనబోవుచున్నారని యెరుగుదును. మోకు చెట్టును మనుష్యుని కలిపి ఒరగి నిలుచుటకు ఏర్పడినది. పడినవానిని ఆపుటకు ఏర్పడినది కాదు. మోకు జారి పడిన గీతకార్మికుల సంగతి మీ యూరిలోనే విచారించి తెలిసికొనవచ్చును. తెలంగాణ ప్రభుత్వమువారు 2024 జూలై 14వ తేదీన రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో గీతకార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచము’ అను పేర హార్నెస్సు, త్రాడు మొదలగు పరికరములు ఇచ్చుట మొదలుపెట్టిరి. తరతరములుగా చెట్టెక్కినవారికే అది యవసరమని తోచినప్పుడు, యేటికి రెండు నెలలు మాత్రము మంచె యెక్కు మనవారికి తోచకపోవుట వింత.

ఇక అంగడికి పోదము. అక్కడ నడుమునకు మాత్రము కట్టునదానిని, పూర్తి హార్నెస్సును, రెంటిని ‘సేఫ్టీ బెల్టు’ అనియే పిలుతురు. ధర తక్కువగా నున్నదే చేతికిత్తురు. భాషాంతరకారునకు ఒక మాట రెండు వస్తువులకు వాడబడుట కంటె చిరాకు వేరొకటి లేదు. ఇచ్చట అది ప్రాణాపాయము కూడ. పేరు నడుగక, దానిమీద కుట్టిన చీటీని చూడుడు. మన దేశపు సరకైనచో ఐ.ఎస్. 3521 అను సంఖ్య యుండవలెను. ఆ సంఖ్య బెల్టులకును హార్నెస్సులకును కలిపి యేర్పడినది గనుక, దానితో తృప్తిపడక తొడపట్టీలు రెండు, భుజపట్టీలు రెండు ఉన్నవో లేవో కన్నులార చూడుడు. ఐరోపా సంఖ్య యున్నచో 361 అనునది పూర్తి హార్నెస్సు. 358 అని మాత్రమే యున్నది నడుము బెల్టు, ఒరగి పనిచేయుటకే గాని పడుట నాపుటకు కాదు. తయారైన సంవత్సరమును, మోయగల బరువును చీటీపై నుండవలెను. చీటీ లేనిదానిని ఉచితముగా నిచ్చినను తీసికొనవలదు.

ఇప్పుడు సుఖము సంగతి. మెత్తని దిండ్లు కుట్టినదే సుఖమని చాలమంది భ్రమ. మన ఫాల్గుణ చైత్రముల యెండలో ఆ దిండు చెమట పీల్చి, రెండవనాటికి తొడను కాల్చును. విదేశములలో జింకవేటకు చెట్టుమీద కూర్చుండువారు చొక్కావలె తొడుగుకొను హార్నెస్సులు, జేబులు, చప్పుడు చేయని కట్టులు కోరుదురు. అక్కడ చలియెక్కువ, జంతువునకు చప్పుడు వినబడరాదు. మనకు చప్పుడైనచో మేలే, పంది పారిపోవును. కావున జేబులకును గుడ్డకును సొమ్ము పెట్టక, వెడల్పైన తొడపట్టీ, గాలి తగులు సన్నని వల వంటి యొత్తు, సులభముగా సర్దుకొన గల బకిళ్లు, వీనికే పెట్టుడు. నా యభిప్రాయమున సుఖమంతయు తొడపట్టీలోనే యున్నది.

మాచర్ల కుర్రవాని తొడలు ఒరసికొనినది ఏలయన, పంచె మడతమీద పట్టీ వేసి, వదులుగా వదలినాడు. వదులు పట్టీ నడచినప్పుడెల్ల కదలి ఒరయును. పడినప్పుడు మఱింత పైకి జరిగి, చెప్పరాని చోట పట్టును. బిగువునకు కొలత యిది: పట్టీక్రింద అరచేయి చదునుగా దూరవలెను, పిడికిలి దూరరాదు. పంచె కట్టువారు గోచి పెట్టి, మడత లేకుండ చేసికొని పట్టీ వేయవలెను. అంతకంటె మోకాళ్లవరకు వచ్చు నిక్కరు మేలు. మంచెమీద కావలి యుండు ఆడవారికి చీరెక్రింద నడచిన పట్టీ పనికిరాదు. లాగువంటి దానిమీద కట్టుకొని, పైని చీరె చుట్టుకొనినను వెనుక కొక్కెము బయట నుండవలెను. పుష్యమాసపు చలిలో గొంగడి కప్పుకొనువారు హార్నెస్సును గొంగడిక్రింద చొక్కామీద కట్టి, త్రాడును మెడవెనుక బయటికి తీయవలెను. గొంగడిమీద కట్టినచో ఎంత బిగించినను అది వదులే. కొనునప్పుడు ఏ బట్టలతో కావలి యుందురో ఆ బట్టలతోనే అంగడికి పొండు. అంగడివాడు నవ్వినను నవ్వనిండు.

రొమ్ముపట్టీ మొలకు దిగిపోరాదు, గొంతును నొక్కరాదు, రొమ్ము నడుమ నుండవలెను. త్రాడు తగిలించు వెనుక రింగు రెండు ఱెక్కయెముకల నడుమ నిలువవలెను. అది నడుము వెనుకకు జారినదా, పడినప్పుడు ముందుకు మడతపడుదురు, అనగా మా మేనమామ స్థితియే. ఒకే కొలత అందరికి సరిపోవునని చెప్పు సరకు సన్నని కుర్రవానికి సరిపడదు. కావలికి తండ్రి యొకరాత్రి, కొడుకొకరాత్రి పోవు ఇండ్లలో రెండు కొనుట మేలు. లేనియెడల ప్రతిసారి సర్దుకొనక తప్పదు, నిద్రమబ్బున నది జరుగదు.

కొనకముందే చేయవలసిన పరీక్ష యొకటి కలదు. దీనిని మీరు మరువకుందురుగాక. హార్నెస్సు కట్టుకొని, గట్టి దూలమునకు త్రాడు తగిలించి, కాళ్లు నేలకు జానెడెత్తున నుండునట్లు మెల్లగా వ్రేలాడుడు. ఇద్దరు ప్రక్కన నిలువవలెను. ఒక నిమిషము చాలును. ఎక్కడ కోసికొనుచున్నదో, ఎక్కడ తిమ్మిరెక్కుచున్నదో మీ యొడలే చెప్పును. ఆ యొక నిమిషము ఓర్వలేనిదానిని రాత్రియంతయు కట్టుకొనుట కల్ల.

అతి ముఖ్యమైన సంగతి త్రాడు. అంగడిలో హార్నెస్సుతో నిచ్చు త్రాడు సాధారణముగా ఆరడుగులుండును. దానిలో కుట్టి మడచిన యొక సంచి యుండి, పడినప్పుడు కుట్లు విడి ధాటిని తగ్గించును. ఎత్తైన మేడలు కట్టువారికి అది యుత్తమము. మన మంచె పది పండ్రెండడుగులు. లెక్క చూడుడు. నిలుచున్నవాని వీపు రింగునకు సమముగా త్రాడు కట్టినచో, ఆరడుగుల త్రాడు బిగియువరకు ఆరడుగులు పడును. మడత సంచి విడి మూడున్నర యడుగులు సాగవచ్చును. పట్టీలు సాగుట మఱియొక యడుగు. పదిన్నర యడుగులు. మంచె పదియడుగులైనచో త్రాడు పనిచేయకముందే నేల తగులును. హార్నెస్సు కట్టుకొని, త్రాడు తగిలించుకొని, కాళ్లు విరుగగొట్టుకొనిన వానిని చూచి, బెల్టు వ్యర్థమని ఊరంతయు చెప్పుకొందురు.

కావున త్రాడు తలకంటె ఎత్తున కట్టబడవలెను. కూర్చుండినప్పుడు దానిలో వ్రేలాడు వదులు లేకుండ, ముందుకు వంగినచో లాగునంత పొట్టిగా నుండవలెను. అట్లుండినచో పడిన దూరము రెండు మూడు అడుగులు మించదు. కావలివానికి కాలు చాపుకొనుటకు కొంత యడ్డమని తోచును. అది మొదటి రెండు రాత్రుల మాట. పిమ్మట ఆ లాగుడే “అంచునకు వచ్చితివి” అని హెచ్చరించుచుండును.

ఎక్కునప్పుడు, దిగునప్పుడు కూడ త్రాడు తగిలియుండవలెను. మంచెమీదికి పోయిన పిమ్మట తగిలించుకొందుమనుట నది దాటిన పిమ్మట పడవ ఎక్కుట వంటిది. చెట్టుమీది మంచెకు ఒక గట్టి త్రాటిని పైకొమ్మకు కట్టి, నేలవరకు వదలి, క్రింది కొనను మొదటికి బిగింపవలెను. ఆ త్రాటిమీద సన్నని త్రాటి ఉచ్చును మూడు చుట్లు చుట్టి ముడివేసినచో, చేతితో త్రోసిన పైకి జరుగును, బరువు పడిన బిగిసి నిలుచును. హార్నెస్సును ఆ ముడికి తగిలించి, మెట్టు మెట్టునకు ముడిని పైకి త్రోయుచు ఎక్కవలెను. ముడిని తలకు పైననే యుంచుకొనుడు. ఈ ముడిని నేను చెప్పి నేర్పలేను. కొండలెక్కు శిక్షణ పొందినవారు గాని, అగ్నిమాపకదళమువారు గాని చేసి చూపగా నేర్వవలెను.

చెట్టు లేని చేలలో గుంజలమంచె వేయువారికి నా మాట చేదుగా నుండవచ్చును. నల్లరేగడి వానకు ఉబ్బి గుంజను వదులు చేయును, వేసవిలో జానెడు నెఱ్ఱెలు తీసి నిలువుపట్టు తప్పించును. అట్టి గుంజకు హార్నెస్సు కట్టుట, మునుగుచున్న పడవకే నిన్ను కట్టుకొనుట. అచ్చట మంచెను ఆరడుగులకు మించనీయక, నాలుగు ప్రక్కల మొలయెత్తు దడి కట్టి, నిచ్చెనను మంచెకు బిగించుటయే మేలు. తుమ్మయో వేపయో గట్టునందున్నచో మంచెను అక్కడికి మార్చుడు. పది గజముల దూరముననున్నను కేక చేను దాటును.

పడి వ్రేలాడుచున్నవాని సంగతి యెవరును తలపెట్టరు. హార్నెస్సు వానిని బ్రతికించినది నిజమే. కాని కదలక వ్రేలాడినచో నెత్తురు కాళ్లలో నిలిచి, గుండెకు తిరిగిరాక, అరగంటలోపుననే స్పృహ తప్పవచ్చును, ప్రాణమే పోవచ్చును. కావున హార్నెస్సునకు రెండు మూరల పట్టీ యుచ్చు నొకటి కట్టియుంచుకొని, పడినవెంటనే దానిలో పాదముంచి నిలువబడవలెను. అది లేనిచో మోకాళ్లు మడచుచు, చాచుచు, చెట్టును తన్నుచు నుండవలెను. సెల్‌ఫోను గొంగడి మూటలో గాక రొమ్ము జేబులో, గుండీ పెట్టి యుండవలెను. 108 సంఖ్యకు పిలిచిన బండి వచ్చునుగాని, చీకటిలో చేనిదారి దానికి తెలియదు. రోడ్డుమీదికి ఒకరు పోయి నిలువవలెను. అందుచే ఒంటరి కావలి వలదు. ఇరుగుపొరుగు మంచెలవారు గంటకొకసారి ఒకరినొకరు పిలుచుకొను పాత యలవాటు మా బాల్యమున నుండెను. దానిని మానుట ఏమి నాగరికతయో నాకు తెలియదు.

భద్రపరచుట గురించి కొద్దిగా చెప్పి ముగింతును. ఈ పట్టీలు నైలానుతోగాని పాలియెస్టరుతోగాని నేసినవి. ఎండ వానిని మెల్లమెల్లగా తినివేయును. పురుగుమందులును, ఎరువులును, బ్యాటరీ యాసిడ్డును ఒక్కనాడే పాడుచేయవచ్చును. మిరపతోటకు మందు కొట్టు పంపును, హార్నెస్సును ఒకే మూలనుంచు ఇండ్లు నేను చూచితిని. అట్లుంచరాదు. ఎలుక కొరకని డబ్బాలో, చీకటిలో, ఆరిన చోట నుంచుడు. మురికియైనచో చన్నీట, మామూలు సబ్బుతో కడిగి నీడన ఆరవేయుడు, బ్లీచింగు తగులనీయవలదు. ప్రతి ఋతువునకు ముందు పట్టీని వ్రేళ్లనడుమ త్రిప్పి, కుట్టు తెగినదా, అంచు చీలినదా, బకిలు తుప్పుపట్టినదా చూడుడు. ఒకసారి మనుష్యుని పడుట నాపినదానిని తిరిగి వాడరాదు, చూపునకు క్రొత్తగా నున్నను కోసి పారవేయుడు. కోయకున్నచో మఱునాటికి అది కోడెదూడ మెడను పలుపై, ఆరునెలలకు మరల యెవరి నడుముననో చేరును.

మాచర్ల రైతుగారి కుమారుడు ఈ సభకు వచ్చియున్నాడు. ఆ హార్నెస్సును వాడే తెచ్చినాడు. దానితోబాటు నడుము బెల్టొకటియు బల్లమీద నున్నది. పంచాయితీ కచేరి దూలమునకు త్రాడు కట్టించితిమి. రెండును కట్టుకొని జానెడెత్తున ఒక్కొక నిమిషము వ్రేలాడి చూడదలచినవారు పంచె బిగించుకొని, ఇద్దరిద్దరుగా ముందుకు రండు. నడుము బెల్టుతో మొదలుపెట్టుదము.